బెంచీల కాళ్ళు కోసిందెవరు?

“ఎవడు కోసిండు?”

బడి మేనేజర్ అమరేశ్వరరావు చేతికర్ర బెంచీ మీద ఫట్‌మని పడింది.

“సీదా అడుగుతున్న. మా నాయిన పేరు రాసిన బెంచీల కాళ్ళు ఎవడు కోసిండు?”

రెండో తరగతి టీచరు వసుమతి గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. వాచ్‌మన్ బాలమల్లు చేతిలో తాళాల గుత్తి గలగలలాడుతోంది. హెడ్‌మాస్టర్ కోదండరామయ్య చేతులు వెనక్కి కట్టుకుని కిటికీలోంచి నాంపల్లి స్టేషన్ వైపు చూస్తున్నాడు.

ఆ గదిలో భయపడని వాళ్ళు పిల్లలు మాత్రమే. ఒకటో తరగతి వాళ్ళు. ఎక్కువమందికి ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. అందరూ కోసేసిన బెంచీల మీద బుద్ధిగా కూర్చున్నారు. అందరి పాదాలూ నేల మీద ఆనుకుని ఉన్నాయి. కొందరు షాబాదు బండల చల్లదనాన్ని అరికాళ్ళతో రుద్ది రుద్ది చూసుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే ఎమిలీ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో బట్టల సంచి, చీర మీద దారి దుమ్ము. అన్న హెర్బర్ట్ బిడ్డ బాప్తిస్మానికి శుక్రవారం సాయంత్రం మెదక్ వెళ్ళింది. ఈ పొద్దున గౌలిగూడలో బస్సు దిగి, రిక్షా ఎక్కి, ఇంటికి కూడా పోకుండా నేరుగా బడికి వచ్చింది. ఒకటో తరగతి ఆమెదే.

“వచ్చిన్రా టీచరమ్మా? చూడుండ్రి. మీ కోరిక తీరింది.” అమరేశ్వరరావు కర్రతో బెంచీల వైపు చూపించాడు.

ఎమిలీ చూసింది. చూసీ చూడగానే ఆమె ముఖంలో ఒక చిరునవ్వు మెరిసింది. అదే ఆమె చేసిన తప్పు.

“నవ్వుతున్రా!”

“లేదు సార్, నేను...”

“ఎత్తు తగ్గించుండ్రి, కాళ్ళు కోయించుండ్రి అని నా వెంట పడ్డది మీరే గదా? నేను కోయనంటే మీరు ఊరికి పోయి, ఇక్కడ ఎవడితోనో పని చేయించిన్రు. ఔనా కాదా?”

కాదు. కానీ ఆ మొదటి సగం నిజమే. ఆ బెంచీలు ఎక్కడో మూతపడ్డ కాలేజీవి. గట్టి టేకువి. బేగం బజార్‌లో కిరాణా టోకు వ్యాపారం చేసే అమరేశ్వరరావు వాటిని కొని, వెనక చెక్కల మీద ‘కీ.శే. నరహరిరావు గారి జ్ఞాపకార్థం’ అని తెల్లరంగుతో రాయించి, తన తండ్రి పేరు మీద పెట్టిన ఈ బడికి ఇచ్చాడు. మీసాలొచ్చిన కుర్రాళ్ళ కోసం చేసిన బెంచీల మీద అయిదేళ్ళ పిల్లలు కూర్చునేవారు. వాళ్ళ కాళ్ళు గాల్లో వేలాడేవి. తిమ్మిరెక్కేవి. లేచి నిలబడబోయి ముందుకు బోర్లా పడేవారు. ఎమిలీ అడిగి అడిగి అలిసిపోయి, చివరికి పిల్లల్ని నేల మీద చాపలేసి కూర్చోబెట్టింది. దానికీ చీవాట్లు తిని, మళ్ళీ బెంచీలే ఎక్కించింది.

“నేను చేయించలేదు సార్,” అంది.

“అయితే చేసినోడి పేరు చెప్పుండ్రి. శనివారం కమిటీ మీటింగ్ ఉంది. ఆ పొద్దుకు పేరు దొరకాలె. లేకుంటే మీ దారి మీది. బెంచీలకు కొత్త కాళ్ళు తగిలిస్త, మెదక్ పద్ధతులు తెల్వని టీచర్‌ను తెస్త.” హెడ్‌మాస్టర్ వైపు తిరిగాడు. “సార్, విచారణ మీది. మీరు స్ట్రిక్ట్ మనిషి. మీ చేతిల పెడుతున్న.”

కోదండరామయ్య తల పంకించాడు. ఆయన పొడుగైన మనిషి. ఎక్కువగా మాట్లాడడు. చంకలో బెత్తం పెట్టుకుని వరండాలో నడిచి వస్తుంటే రెండో తరగతి దాకా ఎక్కాలు వాటంతటవే గట్టిగా వినిపించేవి. ఆ బెత్తం ఇవాళ చంకలో లేదని ఎమిలీ గమనించింది. ఈ గొడవలో మర్చిపోయి ఉంటాడనుకుంది.

“ఇంకోటి,” అన్నాడు అమరేశ్వరరావు. “సాయంత్రం పూట పిల్లల్ని గుండ్రంగ కూసోబెట్టి ప్రార్థన చేయిస్తున్నరట గదా. అది ఇవాల్టి నుంచి బంద్.”

“అది ప్రార్థన కాదు సార్.”

“బంద్ అంటే బంద్.”

ప్రార్థన కాదు. కానీ ప్రార్థనలోంచే వచ్చింది. చిన్నప్పుడు మెదక్‌లో రాత్రి భోజనాలకు ముందు ఎమిలీ నాన్న అందరినీ దీపం చుట్టూ కూర్చోబెట్టి, ఆ రోజు జరిగిన ఒక మేలు చెప్పించేవాడు. దాన్నే ఆమె బడికి తెచ్చుకుంది. దేవుడి పేరు తీసేసి మనుషుల పేర్లు పెట్టింది. ఇంటిగంట కొట్టే ముందు పిల్లలు గుండ్రంగా కూర్చుని, తమకు మేలు చేసిన ఒక మనిషి పేరు చెప్పి థాంక్స్ అంటారు. పిల్లలు దాన్ని ‘గుండ్రం’ అనే పిలుస్తారు. పాఠం మధ్యలో లేచి ‘టీచర్, వీడు నాకు బలపం ఇచ్చిండు’ అని అరవకుండా ఎమిలీ ఒక రూలు కూడా పెట్టింది: థాంక్స్ గుండ్రంలోనే చెప్పాలి, అంతదాకా కడుపులో దాచుకోవాలి.

హెడ్‌మాస్టర్ అక్కడే, మేనేజర్ ఎదుటే, విచారణ మొదలుపెట్టాడు. పిల్లల ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“బెంచీలు ఖరాబ్ చేసినోళ్ళను మీరెవరన్న చూసిన్రా?”

“లే...దు సార్!” అని గది మొత్తం పాడింది.

“అసలు ఖరాబ్ కాలేదు సార్,” అంది ముందు వరసలోని నళిని. “మంచిగున్నయి.”

వసుమతి కొంగు వెనక ఏదో చప్పుడు చేసింది. అమరేశ్వరరావు కర్ర తీసుకుని బయటికి నడిచాడు.

వెనక బెంచీలో శ్యామ్‌సుందర్ చెయ్యెత్తాడు. ముందుపళ్ళు రెండూ ఊడిన పిల్లవాడు.

“టీచర్, గుండ్రం లేదా ఇవాళ?”

“లేదు నాన్నా. సార్ వద్దన్నరు.”

“నాకు చెప్పేదుంది టీచర్.”

“దాచుకో.”

శ్యామ్‌సుందర్ పొట్ట పట్టుకుని, దాచుకున్నట్టు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

*

మర్నాడు అమరేశ్వరరావు నాంపల్లి వడ్రంగి వెంకటేశాన్ని వెంటబెట్టుకొచ్చాడు. వెంకటేశం ఒక బెంచీని తలకిందులు చేసి, కోసిన చోట బొటనవేలితో రుద్ది చూశాడు. బెంచీని మళ్ళీ నిలబెట్టి, ఒక మూల అరచెయ్యి ఆనించి నొక్కాడు. ఊగలేదు. ఇంకోటి నొక్కాడు. అదీ ఊగలేదు.

“చెయ్యి తిరిగినోడే సాబ్,” అన్నాడు.

“ఎవడో చెప్పు. నీ జాతోళ్ళల్ల ఎవరన్న?”

“కిరాయికి చేసినోడు గిట్ల చెయ్యడు సాబ్. కోసి పడేసి పోతడు. గీయన కోసినంక ఉప్పు కాగితం పెట్టి రుద్దిండు. చూడుండ్రి, అంచులు గుండ్రంగ చేసిండు, పోరగాండ్ల కాళ్ళకు గీసుకోకుండ.” వెంకటేశం కాస్త ఆగాడు. “గిది పైసలకు చేసిన పని గాదు.”

“కోసిన ముక్కలేవి మరి? అంత టేకు ఏమైంది?”

“గది నాకేం తెలుసు సాబ్.”

“దొంగ! కోసింది కోసి ముక్కలు గూడ ఎత్తుకపోయిండు!”

తర్వాత బాలమల్లు వంతు. ఆదివారం తలుపులు ఎవరు తీశారన్నది ప్రశ్న. బాలమల్లు రెండు చెవులూ పట్టుకున్నాడు.

“పెండ్లాం పిల్లలను తీసుకొని నుమాయిష్‌కు పోయిన సార్. ఏడాదికి ఒక్కపారి. జెయింట్ వీల్ ఎక్కినం. పైకి పోయినంక మా పోరి వాంతి చేసుకుంది. కావాలంటే కింద ఉన్నోళ్ళను అడుగుండ్రి.”

వసుమతి ఈసారి ఆపుకోలేక గట్టిగానే నవ్వేసింది.

ఆ సాయంత్రం ఆమె, ఎమిలీ కలిసి ఆబిడ్స్ దాకా నడిచారు. పోస్టాఫీసు దగ్గర బస్సు కోసం నిలబడ్డారు. సికింద్రాబాద్ వైపు పోయే డబుల్ డెక్కర్ ఆగకుండానే పోయింది.

“నాకెవరి మీద అనుమానమో చెప్పనా?” అంది వసుమతి. “మేనేజర్ సాబ్ పెండ్లాం మీద. మొగుడి మీద కోపమొచ్చి మామ బెంచీలను కోసి పారేసింది.”

“ఊకో వసుమతీ.”

“లేకుంటే వెంకటేశమే కోసి, తన పనిని తనే పొగుడుకుంటున్నడేమో. హెడ్‌మాస్టర్ సార్ ఒక్కడు తప్ప ఎవరన్న కావచ్చు. ఆయనైతే బెంచీలను గాదు, మన కాళ్ళను కోసేటోడు.” నవ్వి, ఎమిలీ నవ్వడం లేదని చూసి ఆగింది. “ఏం చేస్తవ్ మరి?”

“ఇంకో బడి చూసుకోవాలె.”

ఒక బడి చూసి కూడా వచ్చింది ఎమిలీ. మధ్యాహ్నం భోజనం మానుకుని, బషీర్‌బాగ్‌లో తెలిసిన వాళ్ళు చెప్పిన చోటికి పోయింది. పెద్ద బడి. వరండాలో నడుస్తుంటే ఒక గదిలో పిల్లలందరూ ఒకే గొంతుతో ఏదో వల్లిస్తున్నారు. ఏం వల్లిస్తున్నారో నిలబడి విన్నా ఆమెకు అర్థం కాలేదు. ఆ వల్లించే వాళ్ళకీ అర్థమైనట్టు కనిపించలేదు. ఆఫీసు గది దాకా పోకుండానే వెనక్కి తిరిగింది.

తన ఒకటో తరగతి కళ్ళముందు కదిలింది. చింతగింజలతో కూడికలు చేసే పిల్లలు. ఇసుక పళ్ళెంలో వేలితో ‘అ’ రాసి, చెరిపి, మళ్ళీ రాసే పిల్లలు. మూడు దాటి లెక్కపెట్టలేని బెత్సీ. ఎవరూ తొందరపెట్టకపోతే వస్తుందని ఎమిలీ నమ్మకం. శనివారం దాటితే బెత్సీని తొందరపెట్టే వాళ్ళు వస్తారు.

“ఆ కోసినాయన ఎవరో గానీ,” అంది ఎమిలీ, దూరంగా వస్తున్న బస్సును చూస్తూ, “నా ఉద్యోగం తీసిండు. అయినా నాకు కోపం వస్తలేదు. పిల్లల పాదాలు చూసినవా? ఆయన కనిపిస్తే దండం పెడ్త.”

“పెట్టు. ముందు పేరు కనుక్కొని శనివారం చెప్పు. తర్వాత పెట్టు.”

*

గోనెసంచి బుధవారం వచ్చింది.

ఎమిలీ గది తలుపు తెరిచేసరికి లోపల గోడకు ఆనించి ఉంది. నోరు సుతిలి తాడుతో కట్టి ఉంది. పిల్లలు ఆమె కంటే ముందే దాని మీద పడ్డారు. తాడు ఊడింది. చెక్క ఇటుకలు బండల మీద గలగలమని దొర్లాయి. ఎరుపు, పసుపు, నీలం. కొన్ని పొడుగువి, కొన్ని పొట్టివి. ఏ అంచూ గుచ్చుకోవడం లేదు.

“బొమ్మలు!” అని అరిచాడు శ్యామ్‌సుందర్.

“బొమ్మలు గావు. ఇటికలు,” అంది నళిని.

ఎమిలీ ఒక నీలం ఇటుకను చేతిలోకి తీసుకుంది. బరువుగా ఉంది. తిప్పి చూసింది. అడుగున రంగు సరిగా పట్టని చోట చెక్క కనిపిస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కొత్త రంగు వాసన కింద ఇంకో వాసన. పాత టేకు వాసన.

ఇటుకను చటుక్కున కింద పెట్టింది.

అమరేశ్వరరావు ఊరంతా వెతికిస్తున్న ముక్కలు. తన గదిలో. తన పిల్లల చేతుల్లో.

సంచిలో పోసి దాచేయాలి. ఇప్పుడే, ఎవరూ రాకముందే. ఆమె వంగింది. అప్పటికే బెత్సీ పొట్టి ఇటుకలను పక్కపక్కన పేరుస్తోంది. పెదాలు కదులుతున్నాయి. మూడు దగ్గర ఆగింది. పక్కనున్న పొడుగు ఇటుకతో కొలిచి చూసుకుంది. పొడుగు ఇటుక ఇంకా మిగిలి ఉంది. ఇంకో పొట్టి ఇటుక తెచ్చి చివర పెట్టింది. రెండు వరసలూ సమానమయ్యాయి.

“నాలుగు!” అంది బెత్సీ, ఎవరితో కాదు, ఇటుకతోనే.

ఎమిలీ సంచిని మడిచి బల్ల కింద పెట్టి, ఇటుకల జోలికి పోలేదు.

మధ్యాహ్నానికి గది మధ్యలో నాంపల్లి స్టేషన్ లేచింది. ప్లాట్‌ఫారం, గోడలు, నీలం ఇటుకల రైలు. నళిని టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంది. ఎంత పొడుగు ప్లాట్‌ఫారానికి ఎంత పొడుగు రైలు కావాలో రెండు జట్లు పోట్లాడుకుంటున్నాయి. ఎమిలీ ఏమీ చెప్పడం లేదు. వాళ్ళే కొలుస్తున్నారు, కూల్చుతున్నారు, మళ్ళీ కడుతున్నారు.

వరండాలో చేతికర్ర చప్పుడైంది.

ఎమిలీ లేచి నిలబడింది. అడ్డంగా నిలబడదామనుకుంది. దేనికి అడ్డం నిలబడాలి? గదంతా అవే.

అమరేశ్వరరావు లోపలికి వచ్చాడు. వెనకాలే హెడ్‌మాస్టర్.

“ఈ గదిని ఒకసారి సోదా చెయ్యాలె సార్. ఆ ముక్కలు బడి దాటిపోలేదని నా మనసు చెబుతున్నది.” అమరేశ్వరరావు బీరువా తెరిపించాడు. చాపల చుట్ట విప్పించాడు. చింతగింజల డబ్బా మూత తీయించాడు. గది మధ్యలో ఉన్న స్టేషన్‌కు అడ్డం వచ్చాడు.

“ఆగుండ్రి!” అంది నళిని. “టికెట్ లేకుండ పోవద్దు.”

అమరేశ్వరరావు కిందికి చూశాడు. ఎరుపు, పసుపు, నీలం.

“ఎక్కడికి పోతది ఈ రైలు?”

“వాడి జంక్షన్‌కు. మీరెక్కడికి పోతరు?”

“నేనా? బేగం బజార్ పోవాలె.”

“బేగం బజార్‌కు రైలు పోదు. రిక్షా ఎక్కుండ్రి.”

అమరేశ్వరరావు మీసం కింద పెదవి ఒక్కసారి కదిలింది. గాంభీర్యం వెంటనే తిరిగొచ్చింది. పంచె కొంచెం ఎత్తిపట్టుకుని, ఒక్క ఇటుకనూ తొక్కకుండా, ప్లాట్‌ఫారాన్ని జాగ్రత్తగా దాటి, తన సొంత టేకు ముక్కల మీదుగా బయటికి వెళ్ళిపోయాడు.

వెనకాల వస్తున్న కోదండరామయ్య కాలికి ఒక నీలం ఇటుక తగిలి పడింది. ఆయన వంగి, దాన్ని తీసి, అడుగు పక్క కిందికి ఉండేలా తిప్పి మళ్ళీ నిలబెట్టాడు. బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

“ఏమైంది సార్ వేలికి?” అంది ఎమిలీ. మాట్లాడాలి కాబట్టి మాట్లాడింది.

“పెన్సిల్ చెక్కుతుంటే తెగింది,” అని ఆయన మేనేజర్ వెంట వెళ్ళాడు.

శ్యామ్‌సుందర్ ఎమిలీ కొంగు లాగాడు.

“టీచర్, ఇవాళ గుండ్రం...?”

“లేదు నాన్నా.”

“నా కడుపుల నొప్పి లేస్తుంది టీచర్, దాచుకొని దాచుకొని.”

“ఇంక కొన్ని రోజులే,” అంది ఎమిలీ. దేనికి కొన్ని రోజులో ఆమె చెప్పలేదు.

*

శుక్రవారం ఇంటిగంట కొట్టాక హెడ్‌మాస్టర్ ఆమెను పిలిపించాడు. ఆయన గదిలో నల్లబల్ల స్టాండ్ ఒకటి ఉంది. దాని కాలు కింద సన్నటి చెక్కపేడు పెట్టి, సుత్తితో మెల్లగా తడుతున్నాడు. స్టాండ్ ఊగడం ఆగాక లేచాడు.

“కూసోండ్రి.”

ఎమిలీ కూర్చోలేదు. “విచారణ అయిందా సార్?”

“అయింది. దోషి దొరికిండు.”

ఆమె చేతివేళ్ళు కొంగు చివరను మెలితిప్పాయి. “ఎవరు సార్?”

“రేపు మీటింగ్‌ల తెలుస్తది. కమిటీవాళ్ళు ఉన్నప్పుడే తెలవాలె. మేనేజర్ సాబ్‌కు ఒక్కనికే చెప్తే బెంచీలకు సాయంత్రం వరకు కొత్త కాళ్ళు వస్తయి, మాట అక్కడికక్కడే సచ్చిపోతది.” ఆయన సుత్తిని బల్ల మీద పెట్టాడు. “రేపు ఒంటిపూట బడి అయినంక మీ పిల్లలను ఇంటికి పంపకుండ్రి. ఉంచుండ్రి.”

“పేరు బయటికొస్తే ఆయనకేమైతది?”

“ఉద్యోగం పోతది.”

అంటే ఉద్యోగమున్న మనిషే. బాలమల్లేనా? జెయింట్ వీలూ, వాంతీ అన్నీ అబద్ధమేనా? ఆ మనిషి పిల్లల కోసం ఇంత పని చేశాడా?

“సార్,” అంది. “ఒక్క మాట. ఆయన పేరు చెప్పకుండ్రి.”

కోదండరామయ్య తలెత్తి చూశాడు.

“నేనే చేయించిన్నని రాసుకోండ్రి. నేనెట్లాగు పోయేదాన్నే. నేను అడిగి అడిగి చేయించలేని పనిని ఆయన ఎవరూ అడగకుండనే చేసిండు. ఇటికలు గూడ చేసిచ్చిండు. ఔ సార్, ఆ ఇటికలు ఆ ముక్కలే. నాకు తెలుసు, దాచిపెట్టిన. మా బెత్సీ నిన్న తొమ్మిది దాకా లెక్కపెట్టింది. అసొంటి మనిషి పొట్ట కొట్టి నేను ఉద్యోగం నిలుపుకోలేను.”

స్టేషన్‌లో ఏదో బండి కూత పెట్టింది.

“పోండ్రి బిడ్డా,” అన్నాడు చివరికి. ఈ బడిలో చేరినప్పటినుంచి ఆయన ఆమెను అలా పిలవడం అదే మొదటిసారి. “రేపు జల్ది రాండ్రి.”

*

మీటింగ్ ఒకటో తరగతి గదిలోనే పెట్టించాడు హెడ్‌మాస్టర్. నేరం జరిగిన చోటే విచారణ జరగాలన్నాడు. కమిటీ మెంబర్ వామన్‌రావు, నల్లకోటు విప్పని వకీలు, బషీర్‌బాగ్ నుంచి వచ్చి ఒక పొట్టి బెంచీ మీద హాయిగా చతికిలబడ్డాడు. వసుమతి, బాలమల్లు గోడకు ఆనుకున్నారు. ఎమిలీ పిల్లల దగ్గర నిలబడింది.

కుర్చీలు లేవు. హెడ్‌మాస్టర్ తెప్పించలేదు.

“నేను వీటి మీద కూసోను,” అన్నాడు అమరేశ్వరరావు. “మా నాయినకు జరిగిన అవమానం మీద నేనెట్ల కూసుంట?”

గదిలో ఇంకొక్కటే ఉంది కూర్చోవడానికి. గోడ గడియారానికి చావి ఇవ్వడానికి బాలమల్లు ఎక్కి నిలబడే ఎత్తుబల్ల. అమరేశ్వరరావు పరువుకు పోయి, బాలమల్లు భుజం పట్టుకుని, దాని మీదికెక్కాడు. కాళ్ళు కిందికి వేలాడాయి. చెప్పులు ఒకటొకటిగా జారి కిందపడ్డాయి.

“చెప్పుండ్రి సార్.”

హెడ్‌మాస్టర్ చెప్పసాగాడు. నింపాదిగా. టేకు ఎక్కడ పండుతుందో చెప్పాడు. కాలేజీ బెంచీల కొలతలు చెప్పాడు. బాలమల్లు నుమాయిష్‌కు పోయిన దారి చెప్పాడు. జెయింట్ వీల్ గురించీ చెప్పాడు. క్లుప్తంగా రెండు ముక్కల్లో తేల్చేసే మనిషి ఇవాళ ఎందుకిలా సాగదీస్తున్నాడో ఎమిలీకి అర్థం కాలేదు. అమరేశ్వరరావు బల్ల మీద ఒకసారి ఇటు జరిగాడు, ఒకసారి అటు జరిగాడు. తొడల కింద చేతులు పెట్టుకున్నాడు. కాలి వేళ్ళు ముడిచాడు, విప్పాడు.

“అసలు సంగతి చెప్పుండ్రి సార్!”

“వస్తున్న సాబ్. వెంకటేశం సాక్ష్యం ఇంక మిగిలింది...”

అదీ అయ్యేసరికి అమరేశ్వరరావు ఆగలేకపోయాడు. “ఇంక చాలు!” అని బల్ల మీంచి దిగాడు. దిగిన కాళ్ళు ఆయనవి కానట్టే మడత పడ్డాయి. ముందుకు తూలాడు. హెడ్‌మాస్టర్ రెండు చేతులా పట్టుకోకపోతే బోర్లా పడేవాడే.

“అరె అరె... తిమ్మిరెక్కింది...”

“మా పిల్లలకు రోజు ఎక్కుతుండె సాబ్,” అన్నాడు కోదండరామయ్య మెల్లగా, ఆయన్ను నడిపిస్తూ. “ఇదే ఎత్తు. మీ మోకాలికి ఆ బల్ల ఎంతనో, వీళ్ళ మోకాలికి ఆ బెంచీ అంత.”

దగ్గరగా ఉన్నది పొట్టి బెంచీయే. వేరే దారి లేక అమరేశ్వరరావు దాని మీద కూలబడ్డాడు. అరికాళ్ళు చల్లటి బండలను తాకాయి. కాసేపు కళ్ళు మూసుకుని, పిక్కలు నొక్కుకున్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. నళిని లేచి వెళ్ళి ఆయన చెప్పులు తెచ్చి, కుడిది కుడివైపు, ఎడమది ఎడమవైపు చూసి మరీ పెట్టింది.

ఆయన ఆ పిల్లను చూశాడు. వీపు వెనకాల ఉన్న తెల్ల అక్షరాలను చేత్తో తడుముకున్నాడు.

“మా నాయిన కుర్చీల కూసుంటుండలే,” అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. “దుకాణంల గూడ గద్దె మీదనే. కాళ్ళు కింద ఆనకపోతే ఆయనకు తోచకపోతుండె.” ఆగి, గొంతు పెంచాడు. “అయినా సరే. నన్నడగకుండ నా బెంచీల మీద రంపం పెట్టినోడు ఎవడో నాకు తెలవాలె. పేరు చెప్పుండ్రి సార్.”

“సాక్షులు మిగిలిన్రు సాబ్.”

“ఎవరు?”

“వీళ్ళు.” హెడ్‌మాస్టర్ పిల్లల్ని చూపించాడు. “సోమవారం నేను అడగరాని తీరుగ అడిగిన. ఖరాబ్ చేసింది ఎవరని. వీళ్ళకు ఖరాబైంది ఏదీ కనపడలే. టీచరమ్మ అడిగే తీరుగ అడగాలె. వీళ్ళ గుండ్రం ఒక్కసారి పెట్టనియ్యుండ్రి.”

“ఎందుకు?” అన్నాడు అమరేశ్వరరావు.

“పెట్టనియ్యుండ్రి రావు సాబ్,” అన్నాడు వకీలు వామన్‌రావు, కాళ్ళు చాపుకుంటూ. “సాక్షులను ఆపితే ఎట్ల?”

ఎమిలీ చేతులు చాచింది. పిల్లలు ఉరికారు. క్షణంలో గది మధ్యలో గుండ్రం తయారైంది. అందులో అమరేశ్వరరావు బెంచీ కూడా కలిసిపోయింది.

“వారమంతా దాచుకున్నరు గదా,” అంది ఎమిలీ. “ఇప్పుడు చెప్పుండ్రి. ఎవరెవరికి థాంక్స్?”

బెత్సీ నీళ్ళు పోసినందుకు బాలమల్లుకు చెప్పింది. బాలమల్లు కంగారుపడి నమస్కారం పెట్టాడు.

నళిని లేచి నిలబడింది. “మా స్టేషన్ తొక్కకుండ మంచిగ దాటిపోయినందుకు మేనేజర్ తాతకు థాంక్స్.”

అమరేశ్వరరావు తల కొంచెం వంచి, ఆ థాంక్స్ తీసుకున్నాడు.

తర్వాత శ్యామ్‌సుందర్. వాడు లేచేటప్పుడే పొట్ట మీంచి చెయ్యి తీసేశాడు.

“పోయిన శనివారం మా టీచర్ ఊరికి పోయిందా? అప్పుడు మాకు పాఠం చెప్పనీకి వేరే సార్ వచ్చిండు. పొద్దుగాల నుంచి మా కాడ్నే కూసున్నడు. బెత్సీ కాళ్ళు తిమ్మిరెక్కి కిందపడ్డది. పెదివి పగిలింది. సార్ ఏమన్లే. బెత్తం తీసి మమ్మల్ని లైన్‌ల నిలవడమన్నడు. కొడ్తడనుకున్నం. నేను ఏడ్సిన.”

ఎమిలీ మెల్లగా తల తిప్పింది. గుడ్డ చుట్టిన బొటనవేలు. ఆ వేలి పక్కన, గోరు కింద, ఇంకా వదలని నీలం రంగు.

“కొట్టలే,” అన్నాడు శ్యామ్‌సుందర్. “బెత్తం మా మోకాలు కాడ వెట్టి కొలిసిండు. అందరియి కొలిసి, బెత్తం మీద గోరుతోని గీత గీసిండు. సోమవారం మీ కాళ్ళు నేలకు అందుతయి బిడ్డా అన్నడు. అందినయి.” వాడు ఒక కాలితో బండ మీద టపటప కొట్టి చూపించాడు. “గందుకే థాంక్స్.”

“ఎవరికిరా?” అన్నాడు అమరేశ్వరరావు. బెంచీ మీంచి ముందుకు వంగాడు. “పేరు చెప్పు బేటా. గట్టిగ చెప్పు.”

శ్యామ్‌సుందర్ ఊడిన పళ్ళ సందులోంచి గాలి పీల్చుకుని, వారం రోజులుగా మోసిన పేరును గదంతా వినబడేలా పలికాడు.

“మా కోదండరామయ్య సార్‌కు!”